చెట్లంటే ప్రాణం, మరి కలప చదువు చదవొచ్చా?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేను డిగ్రీలో బాటనీ, కెమిస్ట్రీ చదివాను. పీజీకి రెండు యూనివర్సిటీల్లో సీటు వచ్చేలా ఉంది. ఒకచోట సస్టైనబుల్ ఫారెస్ట్రీ, ఇంకోచోట ఉడ్ టెక్నాలజీ. ఆ తర్వాత పీహెచ్‌డీ కూడా చేయాలని ఉంది. నాకు చెట్లంటే ప్రాణం. ఉడ్ టెక్నాలజీ అంటే చెట్టును కొట్టి ముక్కలు చేసే చదువేగా అని మనసు ఒప్పుకోవడం లేదు. పోనీ ఫారెస్ట్రీకి వెళ్దామంటే అందులో లెక్కలు, స్టాటిస్టిక్స్ ఎక్కువని సీనియర్లు భయపెడుతున్నారు, టెన్షన్‌గా ఉంది. మా బాబాయి అయితే, “అడవిని కాపాడటానికి కాపలా చాలు, కొట్టడానికి రంపం చాలు, మధ్యలో నీ పీహెచ్‌డీ ఎందుకే?” అని నవ్వుతున్నారు. నెలాఖరులోగా ఏదో ఒకటి తేల్చుకోవాలి. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు

సమాధానం: మీ బాబాయి గారు నవ్వుతూ అడిగినా అసలు ప్రశ్న ఆయనదే. ముందు దాని సంగతి చూద్దాం.

మూడొందల ఏళ్ల కిందట జర్మనీలోని సాక్సనీలో కాపలాకూ కొదవ లేదు, గొడ్డళ్లకూ కొదవ లేదు. అక్కడ ఫ్రైబర్గ్ చుట్టూ వెండి గనులుండేవి. గని కప్పు కూలకుండా ఆపడానికి దుంగలు కావాలి. ఖనిజం కరిగించడానికి బొగ్గు కావాలి, ఆ బొగ్గు కూడా కట్టెను కాల్చి చేసిందే. తరాల తరబడి కొట్టుకుంటూ పోయేసరికి కొండలు బోడి అయ్యాయి. భూమిలో వెండి ఉంది, దాన్ని బయటికి తీయడానికి కట్టె లేదు. గనుల వ్యవహారాలు చూసే అధికారి హాన్స్ కార్ల్ ఫాన్ కార్లోవిట్జ్ 1713లో దీని మీద పెద్ద పుస్తకమే రాశారు. కొట్టినచోట మళ్లీ పెంచాలి, అడవి ఎప్పటికీ తరగకుండా వాడుకోవాలి అన్నది అందులో సారం. ఇవాళ ప్రతి వస్తువు మీదా సస్టైనబుల్ అని అచ్చేస్తున్నారే, జర్మన్‌లో ఆ మాటకు తొలి రూపం కనిపించేది ఆ పుస్తకంలోనే. అడవుల గురించి పుట్టిన మాట అది, మిగతా ప్రపంచం తర్వాత అరువు తెచ్చుకుంది.

పెరిగినంతే కొట్టాలి అనడం తేలికే. ఈ ఏడాది అడవి ఎంత పెరిగిందో ఎవరు చెప్పాలి? కాపలావాళ్లకు తెలియదు, రంపానికి అసలే తెలియదు. ఆ లెక్క కోసం పుట్టిందే మీరు చదవబోయే చదువు. హైన్‌రిఖ్ కోటా అనే ఆయన తన అటవీ పాఠశాలను 1811లో థారంట్‌కు తెచ్చారు. ఇప్పుడది డ్రెస్డెన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఒక విభాగం. ఫ్రాన్స్‌లోని నాన్సీలో 1824లో, డెహ్రాడూన్‌లో 1878లో ఇలాంటి పాఠశాలలే వచ్చాయి. బాబాయి గారికి ఈ మాత్రం చెప్పండి, చాలు.

అలాగని ఆ చదువు తప్పులే చేయలేదని చెప్పను. చేసింది, పెద్దదే చేసింది. బోడి కొండల మీద నిటారుగా, త్వరగా ఎదిగే స్ప్రూస్ చెట్లను వరసలు వరసలుగా నాటారు. ఘనపు మీటర్ల లెక్క ఏటా సరిగ్గా కుదిరింది. ఆ చెట్టుకు అసలు సరిపడని చోట్ల కూడా నాటారన్న సంగతి వెనక్కి పోయింది. 2018 నుంచి మధ్య యూరప్‌లో వరసగా ఎండలు మండాయి. వాన లేక నీరసించిన స్ప్రూస్‌కు బెరడు పురుగును తోసేయడానికి కావలసినంత బంక ఊరదు. కొండలకు కొండలే గోధుమ రంగుకు తిరిగాయి. ఎంత పెరుగుతోందన్న లెక్క తప్పలేదు, ఏది ఎక్కడ పెరగాలన్న లెక్కే తప్పింది. ఇప్పుడు ఫారెస్ట్రీ పరిశోధనలో సగం పని, మాట వరసకు సగం అంటున్నాను, ఆ తప్పును సరిదిద్దుకోవడమే. ఏ జాతిని ఏ జాతితో కలిపి నాటితే కరువుకు తట్టుకుంటాయి, వేడెక్కుతున్న నేలలో యాభై ఏళ్ల తర్వాత ఏది నిలుస్తుంది లాంటి ప్రశ్నలు. మీ తరానికి కావలసినంత పని మిగిలే ఉంది.

ఇక మీ మనసు ఒప్పుకోని విషయానికి వస్తాను. ఆ బాధ నాకు కొత్త కాదు. నేనూ అడవి వైపు నుంచి కలప వైపు వచ్చినదాన్నే.

పీజీలో మాకు ఒక పాత శాంపిల్ ప్లాటు, అంటే ఏటా కొలవడానికి గుర్తుపెట్టి ఉంచిన అడవి ముక్క, అప్పజెప్పారు. పైన్ చెట్లు. ప్రతి చెట్టుకూ తెల్ల రంగుతో ఒక అంకె, నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తులో ఒక గీత. ఏటా సరిగ్గా ఆ గీత మీదే టేపు చుట్టి లావు కొలవాలి. గీతకు రెండు వేళ్లు పైన చుట్టినా ఏడాది పెరుగుదల అంతా తారుమారవుతుంది. 47వ నంబరు చెట్టంటే నాకెందుకో ఇష్టం. దాని బెరడు మీద ఒక పాత మచ్చ ఉండేది, టేపు అక్కడికి రాగానే ఎత్తుకునేది. రెండు సీజన్లు దాన్ని కొలిచాను. ఆ తర్వాత మిగతావి బాగా ఎదగాలని కొన్ని చెట్లు తీసేసి అడవిని పలచన చేసే పనిలో దాన్నే కొట్టేశారు. అన్నం సయించలేదంటే అతిశయోక్తి అవుతుంది గానీ, ఆ రోజు ఎవరితోనూ మాట్లాడలేదు. మా గైడ్ ఓదార్చలేదు. “మాను మొదలు దగ్గర ఒక బిళ్ల కోయించి తెచ్చుకో” అన్నారు, అంతే.

బిళ్లను గరుకు కాగితంతో రుద్దీ రుద్దీ నున్నగా చేసి, తడి వేలితో తుడిచి, భూతద్దం పెట్టి చూశాను. నడిమి దవ్వ చుట్టూ వలయాలు వెడల్పుగా ఉన్నాయి. అక్కడి నుంచి బయటికి వస్తున్నకొద్దీ ఇరుకు, ఇంకా ఇరుకు, ఒక చోట భూతద్దంలో కూడా విడదీయలేనంత ఇరుకు. ఆ వెంటనే ఒక్కసారిగా వెడల్పు. బెరడు నుంచి వెనక్కి లెక్కపెట్టి ఆ ఏడు ఏదో తేల్చుకుని ఆఫీసు రిజిస్టరు తీశాను. ఆ ముందు ఏడాది పేజీలో ఎవరో నీలం సిరాతో ఒకే వాక్యం రాశారు, పక్క వరస తీసేశామని. పక్క చెట్లు పోయాక దీనికి వెలుతురు, నీళ్లు దక్కాయి. రిజిస్టరులో ఉన్న వాక్యమే చెట్టు లోపల కూడా ఉంది.

కథ అక్కడితో అయిపోలేదు. ఆ దుంగను పలకలుగా కోసి ఆరబెట్టారు. బయటి భాగం నుంచి వచ్చిన పలకలు తిన్నగానే ఉన్నాయి. దవ్వకు దగ్గర్లోంచి కోసినవి నెల తిరిగేసరికి విల్లులా వంగాయి. కారణం క్లాసులో చెప్పారు గానీ, అప్పటిదాకా తలకెక్కలేదు. చెట్టు లేతగా ఉన్న మొదటి పది ఇరవై ఏళ్లలో వేసుకునే చెక్కలో, కణం గోడలోని సెల్యులోజు పోగులు నిలువుగా కాకుండా బాగా ఏటవాలుగా చుట్టుకుని ఉంటాయి. అందుకే ఆ చెక్క ఆరినప్పుడు పొడవునా కుంచించుకుపోతుంది, ముదురు చెక్క అలా పోదు. మొక్కలు మరీ ఎడంగా నాటి, ఎరువులు పోసి పరుగులు పెట్టించి, తొందరగా కొట్టేస్తే దుంగలో ఆ లేత చెక్కే ఎక్కువ. నాటిన రోజు అడుగులతో కొలిచిన ఎడం, కొన్ని దశాబ్దాల తర్వాత వడ్రంగి బల్ల మీద వంకరై బయటపడుతుంది.

ఆ వంగిన పలకను చూశాకే నేను కలప వైపు వెళ్లాను. చెట్టును వదిలేసి వెళ్తున్నట్టు అనిపించలేదు. దాన్ని ఇంకాస్త దూరం వెంబడించినట్టు అనిపించింది.

బాటనీ చదివారు కాబట్టి ఇంకో మాట. పచ్చగా నిలబడ్డ మహావృక్షంలో కూడా ఎక్కువ భాగం చచ్చిన కణాలే అని మీకు తెలుసు. బతుకంతా బెరడు కింద పలచటి పొరలోనూ, ఆకుల్లోనూ, వేళ్ల చివళ్లలోనూ, బయటి తెల్ల చెక్కలో అక్కడక్కడా ఉంటుంది. నడుమ ఉన్న చేవలో బతికున్న కణం ఒక్కటీ ఉండదు. అయినా చెదలకూ, పుచ్చుకూ త్వరగా లొంగనిది అదే. బతికున్న కణాలు పోయే ముందు అందులో రకరకాల రసాయనాలు నింపి పోతాయి. చేవ అన్న ఆ మాటనే మనం మనిషి సత్తువకూ వాడుకున్నాం. కలప చదువు శవపరీక్ష లాంటిదని మీరనుకుంటున్నారేమో. చెట్టు తనకోసం కట్టుకున్నదాన్ని చదవడం అది.

లెక్కల భయం సంగతి. ఫారెస్ట్రీలో లెక్కలున్నాయి, అబద్ధం చెప్పను. అవి ఎలా ఉంటాయో ఒకటి చూపిస్తాను, మీరే చెప్పండి. మీటరు పొడవు కర్ర ఒకటి తీసుకోండి. దాని చివర రెండు సెంటీమీటర్ల వెడల్పున్న అట్టముక్క అడ్డంగా అతికించండి. రెండో చివర కంటి కింద ఆనించి, చెట్ల మధ్య ఒకచోట నిలబడి, కన్ను ఉన్నచోటు నుంచి కదలకుండా చుట్టూ తిరగండి. ఛాతీ ఎత్తులో ఏ చెట్టు మాను అట్టముక్క కంటే వెడల్పుగా కనిపిస్తే దాన్ని లెక్కపెట్టండి. సన్నగా కనిపిస్తే వదిలేయండి. సరిగ్గా సమానంగా ఉంటే అర. ఒక చుట్టు పూర్తయ్యేసరికి పద్దెనిమిది వచ్చాయనుకోండి. ఆ చోట ఒక హెక్టారులో ఉన్న చెట్లన్నిటి మానుల అడ్డుకోతల వైశాల్యం కలిపి సుమారు 18 చదరపు మీటర్లు. అయిపోయింది. టేపు లేదు, ప్లాటుకు హద్దులు లేవు.

మంత్రంలా ఉంది కదా, లోపల ఉన్నది మాత్రం స్కూలు లెక్కే. అట్ట వెడల్పుకూ కర్ర పొడవుకూ నిష్పత్తి ఒకటికి యాభై. అంటే 30 సెంటీమీటర్ల లావున్న (ఇక్కడ లావంటే వ్యాసం) చెట్టు మీకు 15 మీటర్ల లోపు ఉంటేనే లెక్కలోకి వస్తుంది, 60 సెంటీమీటర్లది 30 మీటర్ల దాకా వస్తుంది. ప్రతి చెట్టూ తన లావును బట్టి తన చుట్టూ ఒక వృత్తం గీసుకుంటుందన్నమాట. ఆ వృత్తానికీ మాను అడ్డుకోతకూ మధ్య నిష్పత్తి ఎప్పుడూ పదివేలకు ఒకటి. హెక్టారులో చదరపు మీటర్లు పదివేలు. అందుకే ఒక చెట్టుకు ఒక చదరపు మీటరు. ఆస్ట్రియా అటవీ శాస్త్రవేత్త వాల్టర్ బిటర్లిఖ్ 1948లో దీన్ని ప్రచురించారు, ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతున్నారు. ఈ పేరా చదువుతూ మీరు మనసులో వృత్తం గీసుకుని ఉంటే, ఫారెస్ట్రీ లెక్కలు మిమ్మల్నేమీ చేయవు.

స్టాటిస్టిక్స్ మాత్రం తప్పదు, రెండు వైపులా తప్పదు. లెక్కలు తప్పించుకోవడానికి ఉడ్ టెక్నాలజీ తీసుకుంటే అక్కడ అవే ఎదురొస్తాయి. ఒకే అడవిలో, ఒకే జాతిలో, ఒకే దుంగలో పక్కపక్క ముక్కల బలం ఒకలా ఉండదు. అందుకే ఇళ్లకు వాడే కలప బలాన్ని సగటుతో నిర్ణయించరు. నూటికి తొంభై అయిదు ముక్కలు దాటగలిగే కింది గీతనే బలంగా తీసుకుంటారు. ఆ గీత ఎక్కడుందో చెప్పేది స్టాటిస్టిక్సే. ఇనుముకు ఈ బాధ ఇంత లేదు. కాబట్టి భయమేదో ఉంటే ఈ వేసవిలోనే తీర్చుకోండి. ఉచితంగా దొరికే ఆర్ అనే సాఫ్ట్‌వేర్ ఒకటుంది, రెండు వైపుల వాళ్లూ అదే వాడతారు.

కలప ల్యాబు ఎలా ఉంటుందో కూడా చెప్పాలి, లేకపోతే రంపాల మోతే గుర్తొస్తుంది. అక్కడ మొదటి ఏడాదంతా మీరు కుస్తీ పట్టేది నీళ్లతో. చిన్న చెక్కముక్కను తూచి, 103 డిగ్రీల ఓవెన్‌లో పెట్టి, బరువు తగ్గడం ఆగేదాకా తూస్తూ పోతారు. పచ్చిది 100 గ్రాములు, ఎండాక 50 గ్రాములు అయిందనుకోండి, తేమ ఎంత? యాభై శాతం అనేశారా? కలపవాళ్ల లెక్కలో నూరు శాతం. వాళ్లు నీటిని ఎండు చెక్క బరువుతో భాగిస్తారు. అందుకే నూటయాభై శాతం తేమ అన్నా ల్యాబులో ఎవరూ ఆశ్చర్యపోరు. మొదట ఎగిరిపోయేది కణాల బోలులో ఉన్న నీళ్లు, అప్పుడు చెక్క ఆకారం మారదు. తేమ సుమారు 30 శాతానికి దిగాక కణం గోడలోంచి నీళ్లు కదలడం మొదలవుతుంది, అసలు గొడవ అక్కడే. వలయాల వెంట కుంచించుకుపోవడం, నడిమి నుంచి బెరడు వైపు కుంచించుకుపోవడానికి దాదాపు రెట్టింపు. పొడవునా దాదాపు ఏమీ ఉండదు. ఈ మూడు దిక్కుల తేడా వల్లే ఎండిన దుంగ మొదలు మీద బెరడు నుంచి నడిమికి మేకులాంటి చీలిక వస్తుంది, పలక బెరడు వైపు దోనెలా గుంటపడుతుంది. తలుపు వానాకాలం బిగుసుకుని ఎండాకాలం వదులయ్యేదీ ఇందుకే. ఈ ఒక్క విషయం పట్టుబడితే సగం ఉడ్ టెక్నాలజీ వచ్చినట్టే.

మిగతా సగం కెమిస్ట్రీ. అక్కడ మీ డిగ్రీ అక్కరకొస్తుంది. ఎండు చెక్కలో సుమారు సగం దాకా సెల్యులోజు, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం హెమిసెల్యులోజు, లిగ్నిన్. లిగ్నిన్‌ను కాగితం మిల్లులు చాలావరకు తమ బాయిలర్లలోనే కాల్చేస్తాయి. దాంతో జిగురు చేయొచ్చా, కార్బన్ పోగులు చేయొచ్చా అని ఎన్నో ల్యాబులు తల పట్టుకుంటున్నాయి. సెల్యులోజు పోగులను మూడు నాలుగు నానోమీటర్ల సన్నటి దారాలుగా విడదీసే పద్ధతికి జపాన్‌లోని అకిరా ఇసొగాయ్ బృందానికి 2015లో మార్కస్ వాలెన్‌బర్గ్ బహుమతి వచ్చింది. చెక్కల వాళ్లకు అదే నోబెల్ అని సరదాగా అంటుంటాం. 2019లో అదే బహుమతి ఆస్ట్రియాలోని గ్రాట్స్ సాంకేతిక విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ గేర్‌హార్డ్ షిక్‌హోఫర్‌కు వచ్చింది. పలకలను ఒక వరస నిలువుగా, ఒక వరస అడ్డంగా పేర్చి అతికించే సీఎల్‌టీ అనే పెద్ద పలకల మీద ఆయన చేసిన పనికి. నిలువు పొర అడ్డం పొరను కుంచించుకుపోనివ్వదు, పైన చెప్పిన మూడు దిక్కుల తగువుకు అదే విరుగుడు. అదే ఏడాది నార్వేలో 85.4 మీటర్ల ఎత్తున, 18 అంతస్తుల కలప భవనం మ్యోస్టోర్నెట్ పూర్తయింది. నిప్పంటుకుంటే? లావు దూలం పైపొర మాడి బొగ్గవుతుంది, ఆ బొగ్గే లోపలి చెక్కకు వేడి త్వరగా తగలకుండా అడ్డుపడుతుంది. లెక్కకు నిమిషానికి 0.65 మిల్లీమీటర్లు చొప్పున తీసుకుని, ఆ మేరకు లావు కలిపి కడతారు.

ఇక్కడ ఒక జాగ్రత్త. కలప ఇల్లు కడితే భూమి బాగుపడిపోతుందని కొందరు మరీ తేలిగ్గా చెప్పేస్తారు. ఎండు చెక్క బరువులో సగం కార్బన్ అన్నది నిజం. ఘనపు మీటరుకు 500 కిలోలు తూగే ఎండు చెక్కలో 250 కిలోల కార్బన్, అంటే గాలిలోంచి తీసుకున్న 900 కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడు దాగి ఉంటుంది. కానీ దుంగలో ఎంత భాగం ఇంట్లోకి వెళ్లింది, ఎంత పొట్టుగా పోయింది, ఆ ఇల్లు ఎన్నేళ్లు నిలుస్తుంది, కొట్టినచోట అడవి ఎన్నేళ్లకు తిరిగి ఆ స్థాయికి వస్తుంది, ఇవన్నీ లెక్కలోకి రావాలి. ప్రపంచంలో కొట్టే కలపలో దాదాపు సగం ఇప్పటికీ వంటచెరకుగానో, బొగ్గుగానో కాలిపోతోంది. ఈ లెక్క అడవి తెలిసి కలప తెలియనివాళ్లకు ఒకలా వస్తుంది, కలప తెలిసి అడవి తెలియనివాళ్లకు ఇంకోలా. మీరు రెండూ తెలిసినవాళ్లయితే బాగుంటుందని నా స్వార్థం.

పరిశోధన గురించి అడిగారు. రెండింటికీ అసలు తేడా అక్కడుంది, ఆ తేడా కాలంలో ఉంది. కలప ల్యాబులో మీరు వేసిన ప్రశ్నకు జవాబు నెలల్లో వస్తుంది. జిగురు పట్టలేదా, వచ్చే వారం మార్చి మళ్లీ అతికించండి. అడవిలో మీ ప్రశ్నకు జవాబు మీ రిటైర్మెంటు తర్వాత రావొచ్చు. పనామాలోని బారో కొలరాడో ద్వీపంలో 50 హెక్టార్ల అడవిలో సెంటీమీటరు లావు దాటిన ప్రతి మొక్కనూ, రెండు లక్షలకు పైగా, 1980ల మొదట్లో గుర్తుపెట్టి కొలిచారు. అప్పటి నుంచి సుమారు ఐదేళ్లకోసారి మళ్లీ కొలుస్తూనే ఉన్నారు. నార్వే దేశమంతటి అడవుల లెక్క 1919లో, ఫిన్లాండ్ 1921లో, స్వీడన్ 1923లో మొదలుపెట్టి ఇప్పటికీ కొనసాగిస్తున్నాయి. మొదలుపెట్టినవాళ్లలో ఎవరూ లేరు, వాళ్ల గీతలున్నాయి.

మూడు నాలుగేళ్ల పీహెచ్‌డీకి ఇది సరిపోతుందా అంటే, మీరు కొత్తగా నాటి ఫలితం కోసం కూర్చోకూడదు. ఎవరో ఎప్పుడో నాటి, కొలిచి, జాగ్రత్తగా దాచిన ప్లాటు దొరకాలి. అందుకని ఫారెస్ట్రీలో పీహెచ్‌డీకి గైడ్‌ను ఎంచుకునేటప్పుడు ఆయన పేపర్ల లెక్క కంటే ఆయన దగ్గరున్న పాత డేటా వయసు అడగండి. అదొక్కటే అడిగినా చాలా తెలిసిపోతుంది. ఆ డేటా ఇంకెవరికైనా అప్పటికే ఇచ్చేశారా అన్నది కూడా. నాకు తెలిసిన ఒక అబ్బాయి రెండో ఏడు సగంలో ఆ సంగతి తెలుసుకుని టాపిక్ మార్చుకోవాల్సి వచ్చింది.

చెట్లంటే ప్రాణం అన్నారు కాబట్టి ఇంకో విషయం చెబుతాను, నొచ్చుకోకండి. 1997లో కెనడాకు చెందిన సుజాన్ సిమార్డ్ బృందం, అడవిలో పక్కపక్కన పెంచిన బిర్చ్, డగ్లస్ ఫర్ మొక్కల మధ్య కార్బన్ మారుతోందని నేచర్ పత్రికలో చూపించింది. వేళ్లను కలిపే శిలీంధ్రాల దారాల గుండా అది జరుగుతుండాలని సూచించింది. మంచి పని. తర్వాత అది జనంలోకి వెళ్లేసరికి తల్లి చెట్టు పిల్ల చెట్టుకు పాలిస్తోందన్నంత దాకా పోయింది. 2023లో ముగ్గురు శాస్త్రవేత్తలు ఆ రంగంలోని పేపర్లన్నీ ముందేసుకుని, అడవిలో నిజంగా రుజువైనదెంత, మాటలు పెరిగిందెంత అని విడదీసి రాశారు. ఆ ముగ్గురిలో ఒకరు మెలనీ జోన్స్, 1997 నాటి పేపర్‌లో సహరచయిత్రి. తను పాలుపంచుకున్న పని మీద పెరిగిన కథను తనే ఆపి అడిగారు. చెట్ల మీద మీకున్న ప్రేమ మిమ్మల్ని తెల్లవారుజామున ప్లాటుకు నడిపిస్తుంది, అంతవరకు మంచిదే. డేటా షీటు నింపేటప్పుడు మాత్రం దాన్ని గుమ్మం బయట వదలాలి.

ఉద్యోగాల మాట క్లుప్తంగా. అడవుల శాఖలు, కలప, కాగితం కంపెనీలు, భవన నిర్మాణ డిజైన్, ఉపగ్రహ చిత్రాలతో అడవిని కొలిచే సంస్థలు, అడవిని బాధ్యతగా చూసుకుంటున్నారని చెప్పే ఎఫ్ఎస్‌సీ, పీఈఎఫ్‌సీ లాంటి ధ్రువీకరణల తనిఖీ, ఇవి అందరికీ తెలిసినవే. తెలియనిదొకటి, కలప గుర్తింపు. 1932లో విమానవీరుడు లిండ్‌బర్గ్ బిడ్డను ఎత్తుకుపోయినవాడు ఒక చెక్క నిచ్చెన వదిలి వెళ్లాడు. అమెరికాలో మాడిసన్ నగరంలోని అటవీ ఉత్పత్తుల ప్రయోగశాలలో పనిచేసే ఆర్థర్ కోలర్ ఆ చెక్క మీద యంత్రం వదిలిన చిత్రిక గీతలు పట్టుకుని, దాన్ని ఏ మిల్లులో చిత్రిక పట్టారో, ఏ అడితిలో అమ్మారో కనిపెట్టారు. నిందితుడు దొరికాక, నిచ్చెనలో ఒక చెక్క అతని అటక నేల పలకతో కలుస్తోందని 1935 విచారణలో సాక్ష్యం చెప్పారు. ఇప్పుడు అదే పనిని డీఎన్‌ఏతో, ఐసోటోపులతో (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులతో) చేస్తున్నారు. దొంగ కలప సరిహద్దు దాటకుండా ఆపాలంటే కాగితాలు చాలవు, ముక్క చూసి జాతి చెప్పేవాళ్లు కావాలి. అలాంటివాళ్లు ప్రపంచమంతా వెతికినా కొద్దిమందే. బాటనీ, కెమిస్ట్రీ రెండూ చదివిన మీలాంటివాళ్లకు ఇది చేతికందే పని. పైగా అడవిని కాపాడేదీ ఇదే, అదీ కలప చదువుతోనే.

మరి ఏది తీసుకోవాలి? కోర్సు పేరులో సస్టైనబుల్ ఉందా లేదా అన్నది చూడకండి. ఆ మాట అతికించడానికి ఖర్చేమీ లేదు. రెండు యూనివర్సిటీలకూ మెయిల్ పెట్టండి. ఫారెస్ట్రీ వాళ్లను, మీకు సొంత అడవి ఉందా, అందులో అన్నిటికంటే పాత ప్లాటు ఏ ఏడాదిది, పీజీ విద్యార్థులు ఏడాదికి ఎన్ని రోజులు బయట గడుపుతారు అని అడగండి. కలప వాళ్లను, ఆరబెట్టే బట్టీ, బలం పరీక్షించే యంత్రం విద్యార్థుల చేతికి ఇస్తారా, లేక అద్దాల వెనక నుంచి చూపిస్తారా అని అడగండి. ఇద్దరినీ అడగాల్సింది ఒకటుంది. రెండో వైపు నుంచి ఒక సెమిస్టరు సబ్జెక్టులు తీసుకోనిస్తారా? అడవీ కలపా ఒకే కప్పు కింద ఉండటం వింతేమీ కాదు. వియన్నాలోని బోకు (BOKU) విశ్వవిద్యాలయం, స్వీడన్‌లోని లినెయస్ విశ్వవిద్యాలయం లాంటి చోట్ల అలాగే నడుస్తోంది. ఈ ప్రశ్నకు సూటిగా అవునన్న చోటు నా దృష్టిలో మొదటి స్థానం.

ఇద్దరూ అవునంటే, మీరు రాసిన నాలుగు ముక్కలను బట్టి నేనైతే ఉడ్ టెక్నాలజీ తీసుకోమంటాను. కెమిస్ట్రీ వృథా కాదు, పీహెచ్‌డీ సమయానికి తేలుతుంది. పైగా చెట్టును కొట్టడం బాధనిపించేవాళ్లు ఆ ల్యాబుల్లో మరీ తక్కువ. ఒక దుంగను చివరి ముక్క వరకు వాడాలని పట్టుబట్టేది అలాంటివాళ్లే. ఇది నా మొగ్గు మాత్రమే, నేను వెళ్లిన దారి కాబట్టి కాస్త పక్షపాతం ఉంటుంది, ఆ మేరకు తగ్గించుకోండి.

నెలాఖరుకు ఇంకా టైముంది కాబట్టి రెండు పనులు చేసి చూడండి. ఆ అట్టముక్క కర్ర తయారుచేసుకుని చెట్లున్నచోట ఒక పూట తిరగండి, పదిచోట్ల లెక్కపెట్టి కాగితం మీద రాసుకోండి. అలాగే కోత మిల్లులో ఒక పచ్చి చెక్కముక్క అడిగి తెచ్చుకుని, వలయాల వెంట ఒక గీత, వాటికి అడ్డంగా ఒక గీత పెన్సిల్‌తో గీసి, స్కేలుతోనూ త్రాసుతోనూ రోజూ ఒకే వేళకు కొలవండి. మొదటి కొన్ని రోజులు బరువు తగ్గుతుంది, గీతలు దాదాపు కదలవు. ఒక రోజు కదలడం మొదలవుతుంది. ఈ రెండింట్లో మీకు ఏది మళ్లీ చేయబుద్ధేసిందో నాకు రాయండి, మెయిళ్లకు వాళ్లిచ్చిన జవాబులు కూడా జతచేయండి.